ఎవరికీ అక్కర్లేని గంటలు

పోయిన నెల కారు కొందామని వెళ్లాను. కరెంటు కారు. లోపల చిన్న టీవీ అంత తెర, దాన్ని తాకితే సీటు వేడెక్కుతుంది, ఇంకోచోట తాకితే వాన పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. అన్నీ చూశాక "ఏఎం రేడియో ఎక్కడుంది?" అని అడిగాను. ఏఎం అంటే మన పాత మీడియం వేవే. అమ్మే కుర్రవాడు నవ్వాడు. "కరెంటు మోటారు పక్కన ఏఎం పెడితే గరగర తప్ప ఏమీ వినిపించదు, అందుకే తీసేశారు. అయినా ఇప్పుడు ఏఎం ఎవరు వింటారు?" అన్నాడు. మోటారు వల్ల గరగర వస్తుందన్నది నిజమే. రెండో మాట దగ్గరే నాకు తిక్క రేగింది. సంతకం పెట్టకుండా వచ్చేశాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

ఎవరు వింటారో నాకు తెలుసు. మేముండేది టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో. వడగళ్ల వానకు ఇంటి కప్పు పాడైతే బాగుచేయడానికి అయిదుగురు వచ్చారు. తెల్లవారి ఆరున్నరకే నిచ్చెన వేశారు. పనిముట్ల కంటే ముందు కప్పు మీదికి చేరింది రేడియో. దాని ఒంటి నిండా ఎండిన తారు, సున్నం మరకలు. యాంటెన్నా విరిగితే ఆ స్థానంలో బట్టలు ఆరేసుకునే తీగ కట్టుకున్నారు. సాయంత్రం దాకా అది ఆగలేదు. ఎకార్డియన్ పాటలు, మధ్యలో టైర్ల దుకాణం ప్రకటన, తర్వాత ఎవరో వకీలు ఫోను చేసినవాళ్లకు వలస కాగితాల గురించి చెబుతున్నాడు. అంతా స్పానిష్‌లోనే. వకీలు మాట్లాడుతున్నంతసేపూ సుత్తులు ఆగిపోయాయి. పాట రాగానే మళ్లీ మొదలయ్యాయి.

అమెరికాలో స్పానిష్ రేడియో పుట్టింది ఎవరికీ అక్కర్లేని గంటల్లో. 1920లలో, 30లలో ఇంగ్లీషు స్టేషన్ల వాళ్లకు తెల్లవారుజాము మీద ఆశ లేదు. ఆ వేళ ప్రకటన ఇచ్చేవాడు ఉండడు కదా! ఆ గంటలను చవకగా అద్దెకు ఇచ్చేవారు. మధ్యవర్తులు వాటిని కొని, వలస వచ్చినవాళ్ల భాషల్లో కార్యక్రమాలు నడిపి, చిన్న దుకాణాల దగ్గర ప్రకటనలు సంపాదించేవారు. లాస్ ఏంజెలెస్‌లో పెద్రో గొన్సాలెస్ అనే ఆయన ఇలాగే ఉదయం నాలుగు నుంచి ఆరు దాకా పాడుతూ మాట్లాడుతూ పేరు తెచ్చుకున్నాడు. ఒకప్పుడు మెక్సికో విప్లవంలో పాంచో వియా సైన్యంలో టెలిగ్రాఫ్ పనిచేసిన మనిషి. ఆయన బృందం పేరు 'లోస్ మద్రుగదోరెస్', అంటే తెల్లవారకముందే లేచేవాళ్లు. స్టేషన్ యజమానులు పనికిరాదనుకున్న ఆ వేళకే తోటలకూ ఇటుక బట్టీలకూ బయలుదేరే కూలీలు లేచి కూర్చునేవారు. ఆ లెక్క యజమానులకు తట్టలేదు, అంతే.

అధికారులకు మాత్రం బాగానే తట్టింది. మాంద్యం రోజుల్లో మెక్సికన్లను లక్షల సంఖ్యలో సరిహద్దు దాటిస్తుంటే గొన్సాలెస్ మైకులో దాన్ని తప్పుపట్టాడు. 1934లో ఆయన మీద అత్యాచారం కేసు పడింది. ఆరోపించిన అమ్మాయి తర్వాత అది అబద్ధమని ఒప్పుకున్నా, శాన్ క్వెంటిన్ జైలు తప్పలేదు. 1940లో విడుదల చేసి నేరుగా మెక్సికోకు పంపేశారు. సరిహద్దు అవతల తిహువానాలో మళ్లీ మైకు పట్టుకున్నాడు. రేడియో తరంగానికి పాస్‌పోర్టు అడిగేవాడు లేడు.

అద్దె గంటల సంగతి నాకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. కొన్నేళ్ల క్రితం మేం నలుగురం కలిసి ఇక్కడి ఒక ఏఎం స్టేషన్‌లో ఆదివారం ఒక గంట కొని తెలుగు కార్యక్రమం నడిపాం. పాత పాటలు, ఊళ్లో ఎవరింట్లో ఏ వేడుక, కొత్తగా వచ్చిన పిల్లలకు ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, ఎవరి అమ్మానాన్నలు విమానంలో వస్తున్నారు, తోడు ఎవరైనా ఉన్నారా, ఇవీ మా వార్తలు. పెద్దవాళ్లు కాగితం మీద వేళ రాసుకుని మరీ వినేవారు. ఒక శుక్రవారం ఫోను వచ్చింది. ఆ గంటకు ఎక్కువ డబ్బిచ్చే ఒక ప్రార్థనల బృందం దొరికిందట, వచ్చే ఆదివారం నుంచి మేం రానక్కర్లేదట. వీడ్కోలు చెప్పుకోవడానికి పది నిమిషాలు అడిగాం. ఇవ్వలేదు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి, ఖాళీ చేయమంటే సామాను సర్దుకోవాలి.

ఈ ముక్క మా ఊళ్లోనే మా కంటే డెబ్బై ఏళ్ల ముందు అర్థం చేసుకున్నవాడు రౌల్ కోర్తెస్. మెక్సికోలోని హలాపాలో 1905లో పుట్టాడు. శాన్ ఆంటోనియోలో 'లా ప్రెన్సా' అనే స్పానిష్ పత్రికలో విలేఖరి, తర్వాత పెర్ల్ బీరు కంపెనీకి అమ్మకాల మనిషి. ఒక ఇంగ్లీషు స్టేషన్‌లో గంటలు కొనుక్కుని, ప్రకటనలు తనే తెచ్చుకుని, స్పానిష్ వినోద కార్యక్రమం నడిపాడు. అంటే మాలాగే అద్దెకున్నవాడు. కానీ మాలాగా ఫోను వచ్చేదాకా ఆగలేదు. 1944లో సొంత స్టేషన్‌కు లైసెన్సు అడిగాడు. అది యుద్ధకాలం. ఇంగ్లీషు కాని భాషలో రేడియో అంటేనే ప్రభుత్వం కళ్లు చిట్లించి చూసే రోజులు. ఆయన దరఖాస్తు తెలివిగా పెట్టాడు. మెక్సికన్ అమెరికన్లను యుద్ధ ప్రయత్నంలో కూడగట్టాలంటే వాళ్ల భాషలోనే పిలవాలి కదా అన్నాడు. అడ్డంగా నిలబడ్డ కారణాన్నే నిచ్చెనగా వేసుకున్నాడు. 1946లో కేసీఓఆర్ మోగింది. పేరు చివరి మూడు అక్షరాలూ ఆయన ఇంటిపేరులోవే. రోజంతా స్పానిష్‌లో నడుస్తూ, స్పానిష్ మాట్లాడేవాడి సొంత ఆస్తిగా అమెరికాలో వెలసిన మొదటి స్టేషన్ అది. ముల్లు 1350 దగ్గర. మా ఇంటి కప్పు మీద మోగింది ఆ నంబరే.

ఇలాంటి స్టేషన్‌లో రోజంతా ఏముంటుంది? మన పల్లెల్లో రచ్చబండ మీద ఉండేవన్నీ ఉంటాయి. పొద్దున పనికి లేపే పాటలు, మధ్యాహ్నం ఆడవాళ్లు పనులు పక్కన పెట్టి వినే ధారావాహిక నాటకాలు, సాయంత్రం ముఖాముఖి మాటలు, ఆటలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎవరు పోయారో ఏ చర్చిలో ప్రార్థనో, తప్పిపోయిన గాడిద నుంచి దొరికిన పర్సు దాకా. వీటి మధ్య అంగడి ప్రకటనలు. ఆ ప్రకటనలు లేకపోతే ఏవీ లేవు. కోర్తెస్ దానధర్మానికి స్టేషన్ పెట్టలేదు. తన వాళ్ల చేతుల్లోనూ డబ్బు ఉంటుందని, సబ్బు కొంటారని, బీరు తాగుతారని ఇంగ్లీషు వ్యాపారులకు నమ్మకం కలిగించడమే ఆయన వృత్తి. కొంతమంది మేధావులకు ఈ మాట గిట్టదు. భాషను బతికించాలంటే అకాడమీ కావాలంటారు. నా మటుకు నాకు టైర్ల దుకాణం వాడు చేసిన మేలు ఏ అకాడమీ చేసినదానికంటే తక్కువగా కనిపించదు. అలాగని ఆ ప్రకటనలన్నీ పుణ్యాత్ములవి కావు. మోకాళ్ల నొప్పికీ మధుమేహానికీ ఒకే సీసా అమ్మే గొంతులు ఈ స్టేషన్లలో నేను చెవులారా విన్నాను. వింటున్నవాడికి ఆస్పత్రికి వెళ్లే స్థోమత లేదని అమ్మేవాడికి బాగా తెలుసు.

కోర్తెస్ ఆగలేదు. లూలాక్ అనే మెక్సికన్ అమెరికన్ల పౌరహక్కుల సంఘానికి జాతీయ అధ్యక్షుడయ్యాడు. ఆ సంఘం అండతో నడిచిన డెల్గాడో కేసులో 1948లో కోర్టు, టెక్సస్‌లో మెక్సికన్ పిల్లల్ని వేరే బడుల్లో కూర్చోబెట్టడం చెల్లదని తేల్చింది. 1955లో టీవీ స్టేషన్ కూడా పెట్టాడు, 41వ చానెల్. దాన్ని చూడాలంటే ఆ రోజుల్లో చాలా టీవీలకు విడిగా ఒక పరికరం కొని తగిలించుకోవాలి. అద్దె కట్టడానికే వెతుక్కునే ఇళ్లలో ఆ ఖర్చు ఎవరు పెడతారు? ప్రకటనలు సరిగా రాలేదు. 1961లో అమ్మేశాడు. కొన్నవాళ్లలో ఆయన అల్లుడూ ఉన్నాడు. ఆ స్టేషన్ నుంచి పెరిగిందే ఇవాళ్టి పెద్ద స్పానిష్ ప్రసార సంస్థ యూనివిజన్.

శాన్ ఆంటోనియో ముచ్చట్లలో పడి లాస్ ఏంజెలెస్‌ను వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. అక్కడ కేడబ్ల్యూకేడబ్ల్యూ అనే ఏఎం స్టేషన్‌లో హైమే హరీన్ అని ఒక వార్తల కుర్రవాడు. ఈక్వడార్ నుంచి 1955లో వచ్చాడు. అక్కడివాళ్లకు ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి పట్టదు, ఈయనకూ బేస్‌బాల్ పెద్దగా తెలియదు. బ్రూక్లిన్ నుంచి డాడ్జర్స్ జట్టు 1958లో లాస్ ఏంజెలెస్ చేరాక స్పానిష్ వ్యాఖ్యానం కావలసి వచ్చింది. ఈయన ఆట నేర్చుకుని 1959లో మొదలుపెట్టాడు. తొలి రోజుల్లో బయటి ఊళ్ల ఆటలకు పంపేంత డబ్బు స్టేషన్ దగ్గర లేదు. ఆయన స్టూడియోలో కూర్చుని, చెవుల్లో విన్ స్కల్లీ ఇంగ్లీషు వ్యాఖ్యానం వింటూ, అదే క్షణంలో స్పానిష్‌లో ఆట చెప్పేవాడు. బంతి కంటికి కనబడదు. ఇంకొకరి గొంతులో వచ్చిన బంతిని పట్టి తన గొంతుతో విసరాలి. చిన్నప్పుడు ట్రాన్సిస్టర్ చెవికి ఆనించి, హిందీలో సగమే అర్థమైనా స్కోరు గుండెలో లెక్కపెట్టుకున్న మన తరానికి ఈ విద్య ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. 1981లో మెక్సికోలోని ఒక చిన్న పల్లె నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల వాలెన్సువేలా డాడ్జర్స్ తరఫున బంతి విసరడం మొదలుపెట్టగానే ఊరు ఊరంతా ఊగిపోయింది. అతనికి ఇంగ్లీషు రాదు. విలేఖరుల ముందు అతని పక్కన కూర్చుని మాటలు తర్జుమా చేసింది హరీనే. 2022 దాకా ఆ పనిలోనే ఉన్నాడు.

ఇంతా చెప్పి, సొంత ఇల్లు కథ సుఖాంతం అన్నానంటే మోసం చేసినట్టే. కోర్తెస్ ఇంటి అక్షరాలున్న స్టేషన్ చేతులు మారి మారి పెద్ద కంపెనీ కిందికి పోయింది. స్థానికంగా పాడేవాళ్లు, మాట్లాడేవాళ్లు తగ్గారు. ఎక్కడో ఒకచోట మాట్లాడితే పది ఊళ్లలో వినిపించే పద్ధతి వచ్చింది. మా ఊళ్లోనే కేఈడీఏ అని ఒక స్టేషన్, 1966లో డావిలా కుటుంబం కొన్నది, 'రేడియో హలపేన్యో' అంటే మిరపకాయ రేడియో అని పిలుచుకునేవారు. దశాబ్దాల తరబడి కుటుంబమంతా కూర్చుని ఎకార్డియన్ పాటలు వేసింది. పెద్ద స్టేషన్లు 'మొరటు పాటలు' అని పక్కన పెట్టినవన్నీ అక్కడ మోగేవి. యజమాని ఎదురింటివాడైతే పాట ఎలా మారుతుందో చూడాలంటే దానికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2022లో యూనివిజన్ తన స్టేషన్లలో పద్దెనిమిదింటిని 6 కోట్ల డాలర్లకు అమ్మకానికి పెట్టింది. వాటిలో మయామీలోని 'రేడియో మాంబీ' ఒకటి. క్యూబాను ఏలిన కాస్ట్రోను తిట్టడం కోసమే పుట్టిందా అనిపించే స్టేషన్. కొనేవాళ్ల రాజకీయాలు వేరని తెలియగానే వినేవాళ్లు వీధికెక్కినంత పని చేశారు, మాట్లాడేవాళ్లలో కొందరు మానేసి వెళ్లిపోయారు. ఆ స్టేషన్‌లో వినిపించే మాటల్లో ముప్పావు వంతు నాకు నచ్చవు. అయినా ఆ కోపం చూస్తే అసూయ కలిగింది. ఒక్క వాటా లేనివాళ్లు "మా స్టేషన్ అమ్మడానికి మీరెవరు?" అని అడిగారు. మన భాషలో అలా అడగడానికి ఏ స్టేషన్ ఉంది?

మన దగ్గర మీడియం వేవ్ అంటే ఆకాశవాణి ఒక్కటే. ప్రైవేటువాళ్లకు 2001 నుంచి ఎఫ్ఎం ఇచ్చారు కానీ సొంత వార్తలు చెప్పే హక్కు ఇవ్వలేదు. ఆకాశవాణి వార్తలు మాత్రం తిరిగి వినిపించుకోవచ్చు. అందుకే మన ఎఫ్ఎం అంతా సినిమా పాట, దాని మీద జోకు. కోర్తెస్ లాంటివాడు గుంటూరులో పుట్టి ఉంటే లైసెన్సు దగ్గరే ముసలివాడయ్యేవాడు. ఊరట కావాలంటే ఉమ్మడి మెదక్ జిల్లా వైపు చూడాలి. అక్కడ దళిత మహిళా రైతులు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు, 90.4 మీద. విత్తనాల మాటలు, తమ పాటలు, తమ యాస. వినిపించేది చుట్టుపక్కల ఊళ్ల వరకే. ఆ ఊళ్లవాళ్లకు మాత్రం అది ఎవరి దగ్గరా అద్దెకు తీసుకున్న గంట కాదు.

కారు కుర్రవాడి ప్రశ్నకు ఇంకో జవాబు కూడా ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు మాకు కరెంటు పోయింది, తర్వాత కుళాయిలు పోయాయి, ఫోను సిగ్నల్ ఉండీ లేనట్టు ఉంది. పిల్లల్ని దుప్పట్లలో చుట్టి కారులో కూర్చోబెట్టి హీటర్ వేసి రేడియో తిప్పాను. తిప్పుతూ తిప్పుతూ ఒక స్పానిష్ గొంతు దగ్గర ఆగాను. నా స్పానిష్ కూరగాయల బజారు దాటదు. కానీ 'ఆగ్వా' అంటే నీళ్లని తెలుసు. ఆ గొంతు వీధుల పేర్లు చదువుతోంది. ప్రతి పేరు తర్వాత ఆగ్వా. మా వీధికి మూడు మలుపుల దూరంలో ఉన్న చర్చి పేరు వినిపించింది. క్యాన్లు పట్టుకుని వెళ్తే, వరసలో ముందున్న పెద్దాయన ఒకటి ఎక్కువ తీసుకుని నా చేతిలో పెట్టాడు.

కారు తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటి 2023లో ఏఎం తీసేస్తామని చెప్పి, గోల లేచాక వెనక్కి తగ్గింది. ప్రతి కారులో ఏఎం ఉండాలని అమెరికా చట్టసభలో బిల్లు కూడా పెట్టారు. నేను మాత్రం పాత కారులోనే తిరుగుతున్నాను. హైవే పక్కన పెద్ద కరెంటు తీగల కింద నుంచి వెళ్లినప్పుడల్లా 1350 గుర్రుమంటుంది. వెనక సీట్లో మా అబ్బాయి చెవులు మూసుకుంటాడు. తీగలు దాటాక పాట మళ్లీ వస్తుంది, మధ్యలో ఒక చరణం పోయి ఉంటుంది.