మా మేనల్లుడు వరంగల్‌లో పుట్టలేదు

"మొదటిసారి పాస్‌పోర్టు తీసుకునేవాళ్లకు హెచ్చరిక" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. నిన్న మా మేనల్లుడు కూడా అదే పంపి, "మామా, నాకు బర్త్ సర్టిఫికెట్ లేదు కదా, ఇక దుబాయ్ పోవుడు కాదా?" అని అడిగాడు. వాడి టెన్షన్ చూశాక ఊరుకోలేకపోయాను.

బర్త్ సర్టిఫికెట్ లేనిదే ఎవరికీ పాస్‌పోర్టు రాదని అందులో మొదటి మాట. తప్పు. 2025లో మారిన నిబంధన 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు మాత్రమే. అంతకుముందు పుట్టినవాళ్లు పుట్టిన తేదీకి టీసీ, పదో తరగతి సర్టిఫికెట్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డు లాంటివాటిలో ఒకటి చూపితే సరిపోతుంది. పాన్ కార్డు మీద పుట్టిన ఊరు ఎక్కడుంది? లేదు. ఆ ఊరు మనం ఫారంలో రాసి సంతకం పెట్టే మాట.

ఆంధ్రప్రదేశ్ అని ఉన్న పాత సర్టిఫికెట్ చెల్లదట. 2014కు ముందు పుట్టిన మనందరి కాగితాల మీద ఇంకేం ఉంటుంది?

జిరాక్సుల మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకాలు కావాలట, ఫొటోలు తీసుకుపోవాలట. పెద్దవాళ్ల ఫొటో పాస్‌పోర్టు కేంద్రంలోనే తీస్తారు. జిరాక్సుల మీద మన సంతకం చాలు.

నాకు కడుపు మండింది ఈ మాటకు: "ఇంట్లో పుట్టినవాళ్లు పల్లె పేరు రాస్తే రిజెక్ట్. వరంగల్ అని రాయండి, సర్టిఫికెట్ ఏజెంటే తెస్తాడు." ఇది రాసినవాడు జైలుకు తోడు వస్తాడా? తెలిసి తప్పుడు వివరాలిస్తే పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. తర్వాత బయటపడినా పాస్‌పోర్టు రద్దు చేయొచ్చు. అప్పు చేసి గల్ఫ్ పోయిన పిల్లవాడి పాస్‌పోర్టు అక్కడున్నప్పుడు రద్దయితే వాడి గతేమిటి? ఫారం మీద సంతకం వాడిది, ఏజెంటుది కాదు. సర్టిఫికెట్ కావాలంటే దారి ఉంది. పంచాయతీ సెక్రటరీ దగ్గర రికార్డు లేదని కాగితం తీసుకుని, పుట్టి ఏడాది దాటింది కాబట్టి ఆర్డీవో ఆర్డర్‌తో నమోదు చేయించుకోవాలి. తిరగాలి, నెలలు పట్టొచ్చు, కానీ అది నిజమైన కాగితం.

ఒక్కటి మాత్రం ఆ మెసేజ్‌లో నిజమే, ఒప్పుకుంటాను. సొంతూరు, పుట్టిన ఊరు ఒకటి కావు, చూసి రాయమన్నారు. మనవైపు తొలి కాన్పు తల్లిగారింట్లోనే కదా. మేనల్లుడు కూడా తండ్రి ఊరు హుజూరాబాద్ దగ్గరని అదే రాయబోయాడు. వాడు పుట్టింది పరకాల దగ్గర మా ఇంట్లో, వర్షం పడుతున్న రాత్రి, మంత్రసాని చేతుల్లో. లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డది నేనే.

పదో తరగతి మెమో, పాన్ కార్డు తీసుకుపొమ్మన్నాను. పది పాసయ్యాడు కాబట్టి మెమో ఉంటే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే గల్ఫ్ లాంటి చోట్లకు పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర, కూడా పడదు. పుట్టిన ఊరి దగ్గర మా పల్లె పేరే రాయమన్నాను.