తాగనివాడి లివర్, ఏరిపారేసిన పల్లీ

లివర్ క్యాన్సర్‌తో ఎవరైనా పోయారని తెలియగానే మన నోట వచ్చే మొదటి మాట, "తాగేవాడా?" అని. కాదండీ, ఆయనకు ఆ వాసనే పడదు అని ఇంట్లోవాళ్లు ఏడుపు ఆపుకుని సంజాయిషీ చెప్పుకోవాలి. చెప్పినా సగంమంది నమ్మరు. ఆ ఒక్క ప్రశ్నతో పోయినవాడి పరువు తీస్తున్నాం. అంతకన్నా ప్రమాదం, తాగనివాళ్లందరికీ మీకేం ఫర్వాలేదని లేని భరోసా ఇస్తున్నాం.

హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, ఫ్యాటీ లివర్, ఊబకాయం, షుగర్, పొగతాగడం. లివర్ క్యాన్సర్‌కు దారితీసే కారణాల ఈ జాబితా వార్తలు చదివేవాళ్లకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది లివర్‌లో కొవ్వు పేరుకుందన్న అధ్యయనం 2025లో పార్లమెంటు దాకా వెళ్లింది. రెండు రోజులు మీమ్స్ నడిచాయి. మూడో రోజు బిర్యానీ ఆర్డర్లు మామూలే.

వైరస్ సంగతికి ఆ పాటి గోల కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 2.98 కోట్ల మంది హెపటైటిస్ బితో బతుకుతున్నారు. ఇది సిరోసిస్ (లివర్ గట్టిపడి పాడైపోవడం) దశ రాకుండానే నేరుగా క్యాన్సర్ తెప్పించగల వైరస్. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే నూటికి 90 మంది పిల్లల్లో అది శాశ్వతంగా ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి ఐదుగురిలో కూడా ఉండిపోదు. టీకాను చవక చేసింది మన హైదరాబాదే. శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్వాక్-బి తెచ్చింది. అయినా దేశమంతటా పిల్లల టీకాల్లో అది చేరేసరికి 2011 అయింది. మీరు అంతకుముందు పుట్టినవారైతే, టీకా పడిందో లేదో ఇంట్లో అడగండి. ఎవరికీ గుర్తుండకపోతే ఒక్కసారి ఈ వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష చేయించుకోండి, పెద్ద ఖర్చు కాదు.

ఇంతవరకూ డాక్టర్లు టీవీల్లో చెబుతూనే ఉన్నారు. ఎవరూ పెద్దగా చెప్పనిది పల్లీల సంగతి.

1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో ఉన్నట్టుండి కామెర్లు మొదలయ్యాయి. పొట్ట ఉబ్బి జనం చనిపోయారు. అదే ఇళ్లలో మిగిలిన తిండి తిన్న కుక్కలకూ అదే జబ్బు. వైరస్ అనుకుని వదిలేయకుండా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి చూశారు. అకాల వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న! వేరే తిండి లేక అదే తిన్నారు. 397 మంది జబ్బుపడితే 106 మంది పోయారు. పల్లీలకూ పట్టే ఆ బూజు వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. ఎక్కువ మోతాదులో వారాల్లో చంపుతుంది. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తింటే కణంలోని డీఎన్‌ఏకి అతుక్కుని, క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువునే చెడగొడుతుంది. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు.

దీన్ని వైరస్‌తో కలిపి చూస్తే గుండె గుభేలుమంటుంది. 1986లో మొదలుపెట్టి షాంఘైలో 18 వేలకు పైగా మగవాళ్ల మూత్రం, రక్తం దాచి ఏళ్ల తరబడి గమనించారు. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవారికి లివర్ క్యాన్సర్ ముప్పు సుమారు 3 రెట్లు, హెపటైటిస్ బి ఒక్కటే ఉంటే 7 రెట్లు. రెండూ ఉన్నవారికి? 59 రెట్లు. అదే చైనాలో చిదోంగ్ ప్రాంతం జనం మొక్కజొన్న మాని బియ్యానికి మారాక లివర్ క్యాన్సర్ మరణాలు తగ్గాయి. టీకా వేసుకున్న తరం ఇంకా పెద్దది కాకముందే తగ్గాయి. అంటే ఆ గొప్ప తిండి మారడానిదే.

మన దగ్గర ఈ బూజుకు అనంతపురం లాంటి చోటు కన్నా అనువైనది ఏముంటుంది? వర్షాధారం చెనక్కాయ, అంటే పల్లీ పంట. కాయ ఊరే దశలో వాన మొహం చాటేసి నేల కాగితే, బూజు మట్టిలోనే కాయలోకి దిగుతుంది. పీకి కుప్ప వేశాక వాన పడితే ఇంకా మేలు, దానికి. యంత్రంలో వలిచేటప్పుడు పప్పు బద్దలు కాకుండా కాయల మీద నీళ్లు చల్లే అలవాటు ఒకటి. ఆ తడి సంచుల్లోకి వెళ్లి కూర్చుంటుంది.

దీనికి జవాబు ఏం వస్తుందో తెలుసు. లివర్ వార్డులు నింపుతున్నది మద్యం కదా, చైనాతో పోలిస్తే మన దగ్గర ఈ క్యాన్సర్ తక్కువే కదా, పేదవాడికి చవగ్గా దొరికే మాంసకృత్తుల మీద భయం పుట్టించడం ఎందుకు అంటారు. మద్యం మాట నూటికి నూరుపాళ్లు నిజం, దాన్ని వెనకేసుకురావడం లేదు. కానీ తాగేవాడికి తాను తాగుతున్నానని తెలుసు. చట్నీ తినేవాడికి ఏం తెలుసు? పల్లీ మానమని నేను అనడం లేదు. పరీక్షించిన పల్లీ పెట్టమంటున్నాను.

ఎందుకంటే పరీక్షించడం మనకు రాక కాదు. యూరప్‌కు వెళ్లే వేరుశనగకు అఫ్లాటాక్సిన్ పరీక్ష సర్టిఫికెట్ లేనిదే ఓడ ఎక్కదు. నేరుగా తినే పల్లీల్లో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదని వాళ్ల రూలు. మనది 10. పాలలో చేరే అఫ్లాటాక్సిన్ ఎం1 రకానికి వాళ్ల హద్దు 0.05 అయితే మనది 0.5, సరిగ్గా పది రెట్లు. పాలలోకి ఎలా వస్తుందంటారా? నూనె తీశాక మిగిలే పల్లీ చెక్క బూజు పట్టినదై, దాన్ని గేదె తింటే ఆ విషం పాలలో దిగుతుంది. దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో జరిపిన పాల సర్వేలో 6,432 నమూనాలకు 368 ఆ సడలించిన హద్దును కూడా దాటాయి.

షాపులో 'ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ' అని రాసి ఉంటే పదో ఇరవయ్యో ఎక్కువిచ్చి గర్వంగా కొంటాం. మంచిది బయటివాడికి, మిగిలింది మనకు అని ఒప్పుకున్న మాట అది! మామిడైనా, రొయ్యైనా, మిర్చైనా ఇదే కథ. పల్లీల్లో ఏరి పక్కన పెట్టిన ముడుచుకుపోయిన గింజల్ని ఎవరూ పారబోయరు. నూనెకు, చెక్కకు, చవక సరుకుకు అవే. రిఫైనింగ్‌లో ఈ విషం చాలావరకు పోతుంది కానీ గానుగలో పోదు. స్వచ్ఛమైన గానుగ నూనె అని మురిసిపోయే నా మిత్రులకు ఈ మాట నచ్చదు. గానుగ మంచిదే, అందులో వేసిన గింజ ఏదన్నదే ప్రశ్న.

యార్డులో వ్యాపారి గుప్పెడు కాయలు తీసి ఊపి చూస్తాడు, ఒలిచి నాలుగు నోట్లో వేసుకుంటాడు, తేమ ఎక్కువని ధర తెగ్గోస్తాడు. విషం రుచికి తెలియదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో దీన్ని పట్టే ఎలీసా పరీక్ష ఎప్పుడో తయారుచేసింది. అక్కడి నుంచి గద్వాల, కర్నూలు యార్డులకు ఒక పూట ప్రయాణం. ముందు ఆ యార్డుల్లో ఈ పరీక్ష పెట్టండి. శుభ్రంగా ఆరబెట్టిన రైతుకు కిలోకు రెండు రూపాయలు ఎక్కువివ్వండి, బూజు సగం దానంతటదే తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనంతో పాటు పల్లీ చిక్కీ ఇస్తున్నారు, మంచి పని. ఆ చిక్కీకి వాడిన పల్లీల అఫ్లాటాక్సిన్ రిపోర్టు కూడా తెప్పించి, మెనూ పక్కనే గోడకు అతికించండి.