పొగకు దారి వదలండి

మారతహళ్లి దాటడానికే పూట గడిచిపోయే బెంగళూరులో, ఏ జామూ లేకుండా కోరినచోటికి పోగలిగేది పొగ ఒక్కటే. ఆ ఒక్క హక్కునూ లాక్కోవాలని చూస్తున్న దుష్టశక్తి పేరు ఫైర్ డ్యాంపర్, అంటే మంట వస్తే ఏసీ గాలిగొట్టాన్ని (డక్టును) మూసేసే రేకుల తలుపు.

దాని దౌర్జన్యం చూడండి. మంటను ఆపడానికి కట్టిన గోడనో, స్లాబునో, అంతస్తుల గుండా నిలువునా పోయే షాఫ్టునో ఏసీ డక్టు ఎక్కడ చీల్చుకుని పోతుందో సరిగ్గా అక్కడే తిష్ఠ వేస్తుంది. మామూలప్పుడు రేకులు తెరుచుకుని మర్యాదగానే ఉంటుంది. లోపల రెండు బుల్లి లోహపు ముక్కల్ని టంకంతో అతికించిన లింకు ఒకటి. సుమారు 72 డిగ్రీల వేడికి ఆ టంకం కరిగిందా, స్ప్రింగు లాగుతుంది, రేకులు ధన్‌మని మూసుకుంటాయి. మేనేజరు అప్రూవల్ అడగదు, మెయిల్ పెట్టదు. స్ప్రింగు మోటారు రకానికి పొగరు ఇంకా ఎక్కువ. కరెంటు పోయినా చాలు, మూసుకుంటుంది.

ఈ పొగరు అణిచినవాడు మా భవనం సూపర్‌వైజరు, అనంతపురం మనిషి. బైండింగు వైరుతో రేకుల్ని తెరిచిపెట్టి కట్టేశాడు. "అది మూసుకున్నప్పుడల్లా పై ఫ్లోరోళ్లు చల్లగాలి లేదని ఒకటే ఫోన్లు సార్. కట్టేసినాను, పీడ పోయె" అన్నాడు. ఆ వైరు 72 డిగ్రీలకు కాదు గదా, వెయ్యికీ కరగదు. నాణ్యమైన సరుకు.

లింకును చూడాలంటే డక్టుకు తనిఖీ తలుపుండాలి. ఉందట. దాని కింద జిప్సం సీలింగు, సీలింగుకు కంపెనీ లోగో. కనపడనంత మాత్రాన లేదంటామా, ఫారంలో ఏటా "బాగుంది" అని భక్తిగా టిక్కు పెడుతున్నారు.

గిట్టనివాళ్లు 2010 ఫిబ్రవరి 23 తవ్వుతారు. పాత ఎయిర్‌పోర్టు రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో పొగ పై అంతస్తుల్ని కమ్మేసింది. కొందరు కిటికీల్లోంచి దూకారు. 9 మంది పోయారు. అక్కడ పొగ ఎక్కింది కరెంటు కేబుళ్ల షాఫ్టులోంచి, ఏసీ డక్టులోంచి కాదు అని మావాళ్లు వెంటనే సవరిస్తారు. నిజమే, పొగ కూడా ఆ తేడా చూసుకునే ఎక్కి ఉంటుంది.

మాకు డ్యాంపరంటే ద్వేషమని మాత్రం అనకండి. వంటగది పొగగొట్టంలో జిడ్డు పట్టి ఇరుక్కుపోతుంది, మామూలు డ్యాంపరు పెట్టొద్దు అంటారు చూడండి, మా క్యాంటీన్లో సరిగ్గా అక్కడే కొత్తది బిగించి కొబ్బరికాయ కొట్టారు.