కొండల్లో ఎగరాలంటే ముందు పొలం వెతకాలి

సెలవుల కాలం దగ్గరపడిందంటే విశాఖలో ప్రయాణాల కబుర్లు మొదలవుతాయి. ఊటీ, మనాలీ, పోఖరా, కనీసం అరకు. ఈ మధ్య ఆ కబుర్లలో ఒక ప్రశ్న తప్పనిసరిగా వినిపిస్తోంది: "అక్కడ పారాగ్లైడింగ్ ఉంటుందా?" అడగడంలో తప్పులేదు. జవాబు ఉంది, లేదు అని ఒక్క ముక్కలో వచ్చేయడంలోనే చిక్కంతా ఉంది. ఎత్తైన కొండ, కింద అందమైన లోయ, అంచున నిలబడితే మొహానికి కొట్టే గాలి ఉంటే అది ఎగిరే చోటని మనకు అనిపిస్తుంది. పైలట్లు లెక్క కట్టే తీరు వేరు. దిగడానికి ఎక్కడ జాగా ఉంది, గాలి ఎటునుంచి వస్తుంది, ఏ గంటకు వస్తుంది అన్నవి తేలాకే వాళ్లు కొండ వైపు చూస్తారు. మన పర్యాటక ప్రణాళికలు సరిగ్గా ఈ వరుసను తలకిందులు చేస్తున్నాయి.

వంజంగినే తీసుకోండి. పాడేరు దగ్గరి ఈ కొండకు శీతాకాలంలో జనం తెల్లవారుజామునే బయల్దేరి, చీకట్లో ఎక్కి, సూర్యోదయానికి పైన ఉంటారు. కాళ్లకింద పాలసముద్రంలా మేఘాలు. ఆ దృశ్యం చూసిన ఎవరికైనా రెక్కలుంటే బాగుండుననిపిస్తుంది. కానీ ఆ మేఘాలు అక్కడ కదలకుండా పరుచుకుని ఉండటానికి కారణమే, గుడ్డ రెక్కకు వేలాడి ఎగిరే పారాగ్లైడర్లకు పనికిరానిది. రాత్రంతా చల్లబడిన బరువైన గాలి లోయలోకి జారి అడుగున చేరుతుంది. దానిమీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. వాతావరణ శాస్త్రంలో దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ చల్లబడాల్సిన గాలి ఇక్కడ పైకి వెళ్లేకొద్దీ వెచ్చబడుతుంది. అటువంటి గాలిలో ఏదీ పైకి లేవదు. పారాగ్లైడర్ ఆ అంచునుంచి బయల్దేరితే నిశ్శబ్దంగా, నేరుగా, మేఘంలోకి దిగిపోతుంది. మేఘం కింద చెట్లున్నాయో తీగలున్నాయో కనిపించదు. ఎండ బలపడి పొగమంచు చెదిరి, వాలు వేడెక్కి, గాలి లేవడం మొదలయ్యేసరికి పొద్దెక్కుతుంది. అప్పటికి పర్యాటకులంతా కొండ దిగి పాడేరులో ఇడ్లీ తింటూ ఉంటారు. ఫొటోకు మంచి గంట, ఎగరడానికి మంచి గంట ఒకే కొండమీద కూడా ఒకటి కావు.

ఇంజిన్ లేని రెక్క ఎప్పుడూ కిందికే వస్తుంది. చుట్టూ ఉన్న గాలి అంతకంటే వేగంగా పైకి లేస్తుంటేనే అది ఎత్తు పెంచుకోగలదు. ఆ లేచే గాలికి కొండల్లో రెండు దారులు ముఖ్యం. వీచే గాలి వాలుకు ఎదురుగా తగిలి పైకి మళ్లడం ఒకటి. ఎండకు వేడెక్కిన నేలనుంచి వెచ్చటి గాలి బుడగలుగా, స్తంభాలుగా లేవడం రెండోది. దీన్నే పైలట్లు థర్మల్ అంటారు. పొడి గాలి కిలోమీటరు లేచేసరికి దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. చుట్టుపక్కల గాలికంటే వెచ్చగా ఉన్నంత దూరమే దాని ప్రయాణం. తూర్పు వాలు ఉదయం పనిచేస్తుంది, పడమటి వాలు మధ్యాహ్నం తర్వాత. కొండ వెనుక వైపు, అంటే గాలి దాటి దిగే వైపు ఎప్పుడూ ప్రమాదమే. గోస్తనీ నదిలో పెద్ద బండకు ఆవల నీరు ఎలా సుడి తిరుగుతుందో అక్కడ గాలీ అలాగే తిరుగుతుంది, కాకపోతే కంటికి కనిపించదు. వ్యూపాయింట్ రెయిలింగ్ దగ్గర "ఎంత హాయిగా ఉంది!" అనిపించే గాలి వీపుమీద తగులుతోందంటే, ఆ రోజుకు అది ఎగిరే చోటు కాదు.

గంట విషయం హిమాలయాలు ఇంకా గట్టిగా నేర్పుతాయి. నేపాల్‌లోని కాలీ గండకీ లోయలో మధ్యాహ్నానికి లోయ గాలి ఎంత ఉద్ధృతమవుతుందంటే, జోమ్‌సోమ్ విమానాశ్రయానికి విమానాలు ఉదయం పూటే తిరుగుతాయి. పారాగ్లైడర్ మామూలు వేగం గంటకు 35 నుంచి 40 కిలోమీటర్లు. ఎదురుగాలి కూడా అంతే ఉంటే నిలబడిన చోటే వేలాడుతుంది, మించితే వెనక్కి కొట్టుకుపోతుంది. అదే దేశంలో, పెద్దగా దూరం లేని పోఖరా సారంగ్‌కోట్ కొండమీద మాత్రం ఎంతోమంది ఏటా హాయిగా ఎగిరి ఫేవా సరస్సు ఒడ్డున దిగుతున్నారు. రెండూ కొండలే, రెండూ లోయలే.

మన దేశంలో బీర్ బిల్లింగ్‌కు అంత పేరెందుకు వచ్చిందో చూస్తే ఈ లెక్క ఇంకా తేటపడుతుంది. హిమాచల్ కాంగ్డా జిల్లాలో బిల్లింగ్ సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. దిగే ఊరు బీర్ సుమారు 1,400 మీటర్లలో ఉంది. మధ్యలో వెయ్యి మీటర్ల తేడా. పారాగ్లైడర్ నిలకడ గాలిలో సెకనుకు మీటరుకు కొంచెం పైగా కిందికి దిగుతుంది కాబట్టి, గాలి ఏ సాయం చేయకపోయినా పావుగంట ఎగరవచ్చు. వెనుక ధౌలాధార్ శ్రేణి పొడవునా ఎండకు ఎదురుగా ఉన్న వాలు, ముందు విశాలమైన కాంగ్డా లోయ, కింద గడ్డి మైదానం. అనుభవమున్న పైలట్లు ఆ గోడ వెంబడి ధర్మశాల వైపు సాగిపోతారు. 2015లో అక్కడ పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ జరగడానికి ఇవన్నీ కారణాలే. అక్టోబరు, నవంబరు నెలలు అక్కడ మంచి కాలం. వానాకాలంలో జులై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు హిమాచల్‌లో పారాగ్లైడింగ్‌పై నిషేధం ఉంటుంది. ఆగస్టు సెలవులకు మనాలీ వెళ్తూ "ఎవరో ఒకరు ఎగరేస్తారులే" అనుకునేవాళ్లకు ఈ సంగతి ముందే తెలియడం మంచిది. ఆ రోజుల్లో ఎగరేస్తామనే మనిషి దొరికితే, మీరు కలవకూడని మనిషి అతడే.

కొత్త చోటు వెతికే పైలట్లు ప్రచార కరపత్రాలను నమ్మరు. జీపీఎస్‌తో నమోదైన నిజమైన విహారాలు ఎక్స్‌కాంటెస్ట్ వంటి వెబ్‌సైట్లలో ఉంటాయి. ఏ కొండనుంచి ఎవరు, ఏ నెలలో, ఎన్ని గంటలకు బయల్దేరి ఎక్కడ దిగారో అక్కడ కనిపిస్తుంది. అటువంటి విహారాలను కలిపి, థర్మల్స్ ఎక్కువగా దొరికే తావులను పటంమీద చూపించే కేకే7 లాంటి పటాలూ ఉన్నాయి. పటంమీద ఖాళీగా ఉన్న కొండను చూసి "ఎవరూ కనిపెట్టలేదు" అని సంబరపడటం అమాయకత్వం. చాలాసార్లు ఎవరో ప్రయత్నించి వదిలేసి ఉంటారు. వీటితోపాటు గద్దలున్నాయి. రెక్కలు ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతున్నాయంటే అక్కడ గాలి లేస్తున్నట్టే. బీర్‌లో రాబందులతో కలిసి ఒకే థర్మల్‌లో తిరగడం పైలట్లకు మామూలు.

విశాఖకు ఇంకో సౌకర్యం ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. వాతావరణ శాఖ ఇక్కడినుంచి పరికరాలు కట్టిన బెలూన్లను పైకి వదిలి, ఏ ఎత్తులో ఎంత వేడి, ఎంత తేమ, ఎటు గాలి అని కొలుస్తుంది. ఆ లెక్కలను వ్యోమింగ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. తీరంలో తీసిన కొలత అరకు లోయకు అచ్చంగా సరిపోదు, నిజమే. కానీ పైగాలి ఎటు వీస్తోందో, వెచ్చటి గాలి మూత ఏ ఎత్తున ఉందో అంచనా కట్టడానికి ఇది మంచి ఆధారం.

నగరంలోనే ఎగరవచ్చు కదా, కైలాసగిరి ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. సముద్రానికి ఎదురుగా కొండ, రోజూ సముద్రపు గాలి. కాగితంమీద బ్రహ్మాండం. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో ఇక్కడ బలంగా వీచే గాలి నైరుతిదే, అంటే కొండకు ఎదురుగా తగలకుండా పక్కనుంచి రాసుకుంటూ పోతుంది. కింద రోడ్డు, కరెంటు తీగలు, ఇళ్లు, ఆపైన అలలు. ఇంకా పెద్ద సంగతి, ఈ నగరం తూర్పు నౌకాదళ కేంద్రం. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఇక్కడే ఉంది. పౌర విమానాలు భోగాపురానికి మారినా నేవీ ఆకాశం నేవీదే. అనుమతి లేకుండా ఇక్కడ ఎగరాలనుకోవడం సాహసం కాదు, నేరం. రుషికొండలో పడవకు కట్టి లాగే పారాసెయిలింగ్ వేరే ఆట. దానికి కొండతోనూ థర్మల్‌తోనూ పనిలేదు.

కాబట్టి చూపు అరకు వైపే తిరుగుతుంది. లోయ అడుగు దాదాపు 900 మీటర్లలో ఉంది, చుట్టూ దానికంటే ఎత్తైన కొండలు. ఏదైనా వాలుమీద, దిగే పొలానికి మూడు వందల మీటర్ల ఎత్తున చోటు దొరికిందనుకుందాం. గాలి సాయం లేకపోతే అది నాలుగైదు నిమిషాల ఆట. రెక్క ముందుకు సాగే దూరం ఎత్తుకు ఎనిమిది, పది రెట్లు కాబట్టి మూడు కిలోమీటర్లలోపే దిగాలి. ఆ మూడు కిలోమీటర్లలో ఏముంది? రిజర్వు అడవి, సిల్వర్ ఓక్ నీడన కాఫీ తోటలు, మెట్టు మెట్టుగా వరి మడులు, మాచ్‌ఖండ్, సీలేరు విద్యుత్ కేంద్రాల కొండల్లో సాగే హైటెన్షన్ తీగలు, విద్యుదీకరించిన కిరండూల్ రైలు మార్గం. ఇవన్నీ తప్పించి, గాలికి ఎదురుగా దిగగలిగే చదునైన పొలం ఎక్కడుందన్నదే అరకులో అసలు ప్రశ్న. దానికి జవాబు కోతలు అయిపోయిన వరి పొలాల్లో ఉంది.

ఆ పొలాలు ఎవరివన్నది ఇక్కడ పక్కన పెట్టలేని విషయం. ఇది రాజ్యాంగం గిరిజనులకు ప్రత్యేక రక్షణ కల్పించిన ఐదో షెడ్యూలు ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనలేరు, కౌలుకూ తీసుకోలేరు. షెడ్యూలు ప్రాంతాల పంచాయతీలకోసం వచ్చిన 1996 పీసా చట్టం గ్రామసభకు మాట చెప్పే హక్కు ఇచ్చింది. నగరం నుంచి ఒక సంస్థ వచ్చి, కొండమీద బోర్డు పెట్టి, టికెట్లు అమ్మి, రైతు పొలంలో జనాన్ని దించి వెళ్లిపోతే ఆ వ్యాపారం నెల తిరక్కుండా గొడవలో పడుతుంది, పడాలి కూడా. వలిసె పూల కాలంలో పసుపు తోటలోకి దిగి ఫొటోలు తీసుకునే పర్యాటకులనుంచి అరకు రైతులు కొంత సొమ్ము వసూలు చేయడం ఇప్పటికే అలవాటు. అది చూసి విసుక్కునేవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో మంచి పద్ధతి కనిపిస్తుంది. పొలం వాడుకుంటే రుసుము ఇవ్వాలి, అది పొలం యజమానికే అందాలి.

పండగల పద్ధతి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. 2017 నవంబరులో అరకులో అంతర్జాతీయ బెలూన్ ఉత్సవం జరిగింది. రంగుల బెలూన్ల ఫొటోలు దేశమంతా తిరిగాయి. రెండు మూడు రోజుల ఉత్సవానికి ఎక్కడినుంచో పైలట్లు వస్తారు, ఎగురుతారు, వెళ్తారు. స్థానికంగా గాలి చదవగల మనిషి ఒక్కడూ తయారవడు. ఒక చోటును ఎగిరే చోటుగా నిలబెట్టేది, ఏడాది పొడవునా దాన్ని గమనిస్తూ "ఈ రోజు వద్దు" అని చెప్పగలిగే స్థానిక పైలట్లు. 2022లో కేంద్రం ప్రకటించిన జాతీయ వాయు క్రీడల విధానం 2030 నాటికి భారత్‌ను అగ్రశ్రేణి దేశాల సరసన నిలపాలంటోంది. మంచిదే. అది పాడేరు మన్యంలో గాలి దిక్కు చూపే ఒక గాలిసంచీ నాటడంతో మొదలైతే ఇంకా మంచిది.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఈ ఆటలో తప్పులకు తెలుగు కుటుంబాలు ఇప్పటికే మూల్యం చెల్లించాయి. 2024 ఫిబ్రవరిలో కులూ దగ్గర డోభీలో టాండెమ్ విహారానికి, అంటే పైలట్‌తో కలిసి ఒకే రెక్కకింద ఎగరడానికి వెళ్లిన తెలంగాణ యువతి గాలిలోనుంచి జారిపడి మరణించింది. బెల్టు సరిచూడకపోవడమే కారణమని ప్రాథమికంగా అధికారులు చెప్పారు. టాండెమ్‌లో ప్రయాణికుడు చేయగలిగింది తక్కువే. కానీ కాళ్ల పట్టీలు, ఛాతీ పట్టీ బిగించారా అని తానే చూసుకోవచ్చు. పైలట్ లైసెన్సు, రిజర్వు పారాచూట్ చూపించమని అడగవచ్చు. చాలా బీమా పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి కాబట్టి ఆ షరతు చదవవచ్చు. అడిగితే విసుక్కునే పైలట్‌ను వదిలేయవచ్చు. మార్చి నుంచి మే దాకా మన కొండలమీద మధ్యాహ్నం పెరిగే ఉరుము మబ్బుల్ని చూసీ బయల్దేరదామనే పైలట్‌ను తప్పనిసరిగా వదిలేయాలి. 2007లో ఆస్ట్రేలియాలో అటువంటి మబ్బు ఒక జర్మన్ క్రీడాకారిణిని 9,946 మీటర్ల ఎత్తుకు లాక్కుపోయింది. ఆమె బతికి బయటపడటం అదృష్టం. అదే రోజు అదే మబ్బులో చిక్కుకున్న చైనా పైలట్ బతకలేదు.

విదేశాలకు వెళ్లేవారికి పొడవాటి రెక్కల అసలు గ్లైడర్ ఎక్కే అవకాశం ఉంది. అది పారాగ్లైడర్‌కంటే ఎన్నో రెట్లు దూరం జారుతుంది, కానీ దానికి రన్‌వే, పైకి లాగే విమానమో, తాడు చుట్టి లాగే వించ్ యంత్రమో కావాలి. అందుకే అక్కడ కొండలకంటే క్లబ్బులను వెతకాలి. న్యూజీలాండ్‌లో ఒమరమ, జర్మనీలో 1920 నుంచి పోటీలు జరిగిన వాసర్‌కుప్పె, ఫ్రాన్స్ ఆల్ప్స్ చుట్టూ ఉన్న చిన్న విమానాశ్రయాలు. 2018లో పెర్లాన్ 2 అనే గ్లైడర్ ఇంజిన్ లేకుండా ఆండీస్ పర్వతాల గాలి అలలమీద 76,124 అడుగులకు చేరింది. ఆ ఎత్తులు మనకు అక్కర్లేదు.

మనకు కావలసింది చిన్న పని. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఒక శీతాకాలం, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, నాలుగైదు వాలులమీద గాలిసంచీలు పెట్టి, ఊళ్లో చదువుకున్న పిల్లలచేత ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గంటకోసారి గాలి దిక్కు, వేగం రాయించాలి. కోతలైన పొలాల్లో ఏవి దిగడానికి పనికొస్తాయో బీర్ నుంచి పిలిపించిన అనుభవజ్ఞులు నడిచి చూడాలి. ఆ పొలాల రైతులతో, గ్రామసభలతో రుసుము మాట్లాడుకోవాలి. పదిమంది గిరిజన యువతను శిక్షణకు పంపాలి. ఏ వాలూ పనికిరాదని తేలినా ఫర్వాలేదు, కనీసం విశాఖ నుంచి ఫోను చేసి అడిగేవారికి "ఇక్కడ లేదు, బీర్ వెళ్లండి, అక్టోబరులో వెళ్లండి" అని నమ్మకంగా చెప్పవచ్చు. పనికొస్తుందని తేలితే, మొదటి టికెట్ ముద్రించేముందు రైతు వాటా ఎంతో ఆ టికెట్‌మీదే ముద్రించాలి.