భోజనాల వరుస పక్కన పియానో

నిన్న రాత్రి నెల్లూరులో మా బంధువుల ఇంటి రిసెప్షన్‌లో జరిగిన విషయం నన్ను ఇప్పటికీ నిలవనివ్వడం లేదు. తొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం తెల్లవారుజామున రైలెక్కి చెన్నై వెళ్లి పియానో నేర్చుకుంటున్న మా మేనకోడలిని పెద్దలందరూ "ఏదైనా వాయించమ్మా" అని అడిగి, భోజనాల వరుసకు ఆనించి 61 మెట్ల కీబోర్డు ఒకటి పెట్టించారు. పియానోకు ఉండేవి 88 మెట్లు. "మామయ్యా, దీనికి పెడల్ కూడా లేదు, స్వరం నిలవదు" అని ఆ పిల్ల నాతో మెల్లగా చెప్పింది. అయినా పెద్దల మాట తీసెయ్యలేక స్వరకర్త షోపాన్ రాసిన నాక్టర్న్ (రాత్రి వేళను తలపించే పియానో రచన) ఒకటి మొదలుపెట్టింది. రెండు నిమిషాలు కాకముందే మైకు పట్టుకున్న పెద్దమనిషి, ఫొటోలకు పెళ్లికూతురి తరఫువాళ్లను పిలిచి, "ఇక చాలమ్మా, సినిమా పాట వాయించు" అన్నాడు. ఆమె చేతులు ఆగిపోయాయి కానీ కుడిచేతి చిటికెన వేలు మాత్రం తర్వాతి స్వరం మీద అలాగే వాలి ఉంది.

ఆ వేలి వెనుక ఎంత జీవితం ఉంటుందో వీళ్లకు ఎవరు చెప్పాలి? పదహారో ఏట, 1944లో, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో వాయించి, 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ నెగ్గిన అమెరికన్ పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్‌కు, కచేరీలు ఉచ్చస్థితిలో ఉన్న 1960లలో, కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయాయి. ఆ రెండు వేళ్ల కోసం ఆయన దాదాపు ముప్పయ్యేళ్లు వైద్యం వెతుక్కున్నాడు. అన్నాళ్లూ శిష్యులకు పాఠం చెబుతూ, మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న పియానో విద్వాంసుడు పాల్ విట్గెన్‌స్టైన్ కోసం ఫ్రెంచి స్వరకర్త రావెల్ రాసిన కాన్సర్టో (వాద్యబృందంతో కలిసి వాయించే రచన) వంటివి ఎడమచేత్తోనే వాయించాడు. పియానో విద్వాంసుడికి వేళ్లే ఆస్తి, వేళ్లే ఆయుష్షు.

ఇది పరాయి సంగీతం కాబట్టి మనవాళ్లకు పట్టలేదని సరిపెట్టుకోవడానికి కూడా నాకు వీలు లేదు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డారు; 1998లో చెన్నై మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. అంతటి నాదస్వర విద్వాంసుడు పుట్టిన నేల మీదే ఈనాటికీ పెళ్లిలో మేళం వాళ్లకు ఆఖరి పంక్తిలో విస్తరి వేస్తున్నాము. తోడి రాగాలాపన సాగుతుండగా వరసలు కలుపుకుని కబుర్లు చెప్పుకుంటున్నాము. నా మేనకోడలికి జరిగింది ఆ పాత అవమానమే.

ఇకమీదట ఆ పిల్లను వాయించమని అడగదలచినవారు ముందు నాకు ఫోన్ చెయ్యండి. మైకు కట్టేసి, కుర్చీలు ఆమె వైపు తిప్పి, ఒక్క పావుగంట కూర్చుని వినగలరా అని అడుగుతాను.