ఫోన్ ఎత్తినంత మాత్రాన డబ్బు పోదు: మన గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

వరంగల్, హనుమకొండ, కాజీపేట వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడవాటి మెసేజ్ ఈ మధ్య తెగ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో, పదో తరగతి దోస్తుల గ్రూపులో, బడి పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో ఎక్కడ చూసినా అదే. పైన "సైబర్ పోలీసుల హెచ్చరిక, మీవాళ్లందరికీ పంపండి" అని ఉంటుంది. ఏ స్టేషన్ వాళ్లు, ఏ తేదీన ఇచ్చారో మాత్రం ఉండదు. అందులో చెప్పేవి ఇవి: తెలియని నంబర్ ఎత్తితే చాలు, ఖాతా ఖాళీ. స్టేషన్‌లో చార్జింగ్ పెట్టినా, ఉచిత వైఫై వాడినా ఫోన్ హ్యాక్ అవుతుంది. మంచి యాంటీవైరస్ యాప్ వేసుకుంటే ఇక భయం లేదు. పాస్‌వర్డ్ నెలనెలా మార్చాలి. తాళం గుర్తున్న వెబ్‌సైట్‌ను నమ్మొచ్చు. మనలాంటి మామూలోళ్ల ఫోన్లో దోచుకోవడానికి ఏముంటుంది, ప్రైవసీ గురించి టెన్షన్ వద్దు. ఒకసారి పోయిన డబ్బు తిరిగి రాదు, ఫిర్యాదు దండగ.

నేను హనుమకొండలో కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేస్తాను. ఈ మెసేజ్ చదివి వచ్చేవాళ్లతో రోజూ మాట్లాడుతున్నాను. దాన్ని పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ అది ప్రమాదం లేని చోట భయపెడుతోంది, నిజంగా ప్రమాదం ఉన్న చోట ధైర్యం చెబుతోంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"తెలియని నంబర్ ఎత్తితే చాలు, ఖాతా ఖాళీ"

ఎత్తి హలో అన్నంత మాత్రాన బ్యాంకులోంచి రూపాయి కదలదు. యూపీఐలో డబ్బు పోవాలంటే మామూలుగా ఆ ఖాతాకు ముడిపడిన సిమ్, ఆ సిమ్‌తో నమోదైన యాప్, యూపీఐ పిన్ మూడూ కావాలి. మాట్లాడితే వీటిలో ఒక్కటీ అవతలివాడి చేతికి పోదు. కాల్‌తోనే ఫోన్లోకి దూరిన సంఘటన అసలు లేదా అంటే, ఉంది. 2019లో వాట్సాప్ కాల్‌లో ఉన్న ఒక లోపాన్ని వాడి పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌ను సుమారు 1,400 మంది ఫోన్లలోకి పంపారు. వాళ్లలో మన దేశపు లాయర్లు, హక్కుల కార్యకర్తలు, జర్నలిస్టులు ఉన్నారు. అప్పుడు కాల్ ఎత్తాల్సిన పని కూడా లేకపోయింది. ఆ లోపాన్ని వాట్సాప్ అప్‌డేట్ ఇచ్చి మూసేసింది. కోట్లు పోసి కొనే అలాంటి సాధనాన్ని మన జీతం డబ్బుల కోసం ఎవరూ వాడరు.

మన దగ్గర డబ్బు పోతున్నది ఫోన్ ఎత్తాక వాళ్లు మనతో చేయించే పనుల వల్ల. కొన్నిసార్లు అసలు కాలే ఉండదు. నర్సంపేట వైపు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన ఒక రైతు, కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "బాపు ఓటీపీ ఎవ్వలకు చెప్పలేదన్నా, అయినా పైసలు పోయినయ్" అన్నాడు కొడుకు. అతను చెప్పింది నిజమే. ఊరి గ్రూపులో పక్కింటాయన నంబర్ నుంచి "పీఎం కిసాన్" పేరుతో ఒక ఫైల్ వచ్చింది. పేరు చివర ఏపీకే (apk) అని ఉంది, అంటే అది ఫోన్లో యాప్‌ను ఎక్కించే ఫైల్. తెలిసిన మనిషి పంపాడు కదా అని నొక్కారు. పక్కింటాయనకు ఆ సంగతే తెలియదు, ఆయన ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉంది.

ఫోన్ చూస్తే తెర మీద ఆ యాప్ గుర్తే లేదు. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా మొత్తం కిందిదాకా జరిపితే దొరికింది. పర్మిషన్లు తెరిస్తే మెసేజ్‌లు, కాల్స్, నోటిఫికేషన్లు మూడూ ఆన్‌లో ఉన్నాయి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కితే పనిచేయదు, ఎందుకంటే డివైస్ అడ్మిన్ అనే అధికారం కూడా అది ముందే అడిగి తీసుకుంది. ముందు ఆ అధికారం తీసేస్తే గానీ యాప్ పోలేదు. ఆ యాప్ చూపినదాన్ని పథకం ఫారం అనుకుని కార్డు వివరాలు ఆయనే నింపారు. ఓటీపీ వచ్చినప్పుడు ఆయన కంటే ముందు ఆ యాప్ చదివి బయటికి పంపేసింది. ఇదే ఫైల్ పెళ్లి శుభలేఖ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో కూడా వస్తోంది. శుభలేఖ ఫొటోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. ఏ ప్రభుత్వ పథకం డబ్బులూ వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే వల్ల పడవు. సెట్టింగ్స్‌లో "తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్" అనే చోటుకు వెళ్లి వాట్సాప్‌కు, క్రోమ్‌కు ఆ అనుమతి ఆఫ్ చేసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు ఇవాళే తీసుకుని ఈ ఒక్క పని చేయండి.

కాల్‌లో చేయించేవి ఇంకా ఉన్నాయి. రీఫండ్ ఇస్తామంటూ మన స్క్రీన్ వాళ్లకు కనిపించే యాప్ వేయించడం ఒకటి. సిమ్ ఆగిపోతుందని బెదిరించి *401* తర్వాత ఒక నంబర్ డయల్ చేయించడం మరొకటి. అలా చేస్తే మన కాల్స్ వాళ్లకు మళ్లేవి, కాల్‌లో చెప్పే ఓటీపీలు కూడా. ఈ మోసాల వల్లే అలా డయల్ చేసి కాల్స్ మళ్లించే సదుపాయాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు, పిన్ కొడితే పోవడమే. పోలీసులమని చెప్పి, వీడియో కాల్‌లోనే మిమ్మల్ని అరెస్ట్ చేశామని బెదిరించే "డిజిటల్ అరెస్ట్" అనేది మన దేశ చట్టంలో ఎక్కడా లేదు. వీడియో కాల్‌లో ఎవరైనా ఆ మాట అంటే వెంటనే కాల్ కట్ చేయండి.

"స్టేషన్‌లో చార్జింగ్, ఉచిత వైఫై అంటే హ్యాకే"

చార్జింగ్ కేబుల్‌తో డేటా లాగడం సాంకేతికంగా సాధ్యమే. దాని మీద అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కూడా 2023లో హెచ్చరించింది. కానీ ఇప్పటి ఫోన్లు మామూలుగా చార్జింగ్ మాత్రమే తీసుకుంటాయి. డేటా ఇవ్వాలంటే తెర మీద అడుగుతాయి. ఆ ప్రశ్నకు వద్దు అనండి, చాలు. కాజీపేట జంక్షన్‌లో మీ సొంత అడాప్టర్‌ను గోడ ప్లగ్గులో పెట్టుకుంటే ఈ చర్చ కూడా అక్కర్లేదు.

వైఫై సంగతీ అంతే. బ్యాంకు యాప్‌లు, వాట్సాప్, చాలావరకు వెబ్‌సైట్లు ఇప్పుడు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోకి మార్చే పంపుతాయి. పక్క బెంచీలో కూర్చున్నవాడు మీ పిన్ చదవలేడు. వైఫైలోకి వెళ్లగానే వచ్చే పేజీ మీ జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగితే మాత్రం అక్కడితో ఆగిపోండి. నన్నడిగితే స్టేషన్ వైఫై కంటే ఇంట్లో వైఫైని ముందు చూసుకోవాలి. కనెక్షన్ ఇచ్చిన రోజు కుర్రాడు పెట్టిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి ఉంటుంది, చాలాసార్లు అది మన ఫోన్ నంబరే. ఇంట్లో వైఫై ఇచ్చే పెట్టె, అంటే రౌటర్ లోపలి సెట్టింగ్స్ కూడా చాలాసార్లు పేరుకూ పాస్‌వర్డ్‌కూ అడ్మిన్, అడ్మిన్ అని కొడితే తెరుచుకుంటాయి. ఆ రెండు పాస్‌వర్డ్‌లూ మార్చండి, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అనే చోట డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉందో లేదో చూడండి. ఇంటికి వచ్చేపోయేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఇవ్వండి.

"యాంటీవైరస్ ఉంటే భయం లేదు"

వైరస్‌లను పట్టే ప్రోగ్రాములు ఆండ్రాయిడ్‌లో ప్లే ప్రొటెక్ట్, విండోస్‌లో డిఫెండర్ పేరుతో ముందే ఉంటాయి. వాటిని ఆఫ్ చేయకుండా, అప్‌డేట్లు ఆపకుండా ఉంటే ఇంటి వాడకానికి సరిపోతుంది. "క్లీనర్", "బూస్టర్" పేర్లతో వచ్చే యాప్‌ల వల్ల ప్రకటనలు పెరగడం తప్ప నేను చూసిన లాభం లేదు.

కంప్యూటర్లలో మన ఊళ్లో అసలు రోగం క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీలు. డీటీపీ సెంటర్లు, ఫ్లెక్స్ షాపులు, ఫొటో స్టూడియోలకు వెళ్తే ఫొటోషాప్, కోరల్‌డ్రా క్రాక్ కాపీలే కనిపిస్తాయి. ఆ ఫైల్‌తో వచ్చే సూచనల్లో మొదటి లైనే "యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని ఉంటుంది. ఆఫ్ చేశాక దానితో పాటు ఏం లోపలికి వచ్చిందో ఎవరూ చూడరు. ఇలా వచ్చే దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ ఒకేసారి ఎత్తుకెళ్తాయి. కొన్ని ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతాయి. అలా రెండేళ్ల పెళ్లి ఆల్బమ్‌లు పోగొట్టుకున్న స్టూడియో ఆయనకు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. బ్యాకప్ డిస్క్ ఉంది, కానీ అది ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉండడంతో దానిలోని ఫైళ్లకూ తాళం పడింది. బ్యాకప్ అయ్యాక డిస్క్ పీకి బీరువాలో పెట్టండి. ఆఫీసు పనికి లిబ్రె ఆఫీస్, ఫొటోలకు గింప్, డిజైన్లకు ఇంక్‌స్కేప్ ఉచితంగానే దొరుకుతాయి. ఇంకో మాట: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లో విండోస్ బదులు లైనక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. తెలుగు టైపింగ్ దానిలో బాగానే పనిచేస్తుంది.

"పాస్‌వర్డ్ నెలనెలా మార్చాలి", "తాళం గుర్తుంటే నమ్మొచ్చు"

ఈ రెండూ పాతబడిన మాటలు. ఊరికే గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లోనే చెప్పింది. నెలనెలా మార్చమంటే జనం చివర 1 తీసి 2 పెడతారు. పొడవాటి పాస్‌వర్డ్, ఒక్కో ఖాతాకు ఒక్కోటి, జీమెయిల్‌కు, వాట్సాప్‌కు రెండో రుజువు కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంటే మేలు. లీక్ అయిందని తెలిస్తే మాత్రం వెంటనే మార్చాలి. తాళం గుర్తు చెప్పేది మీకూ ఆ సైట్‌కూ మధ్య దారి భద్రం అని మాత్రమే. అవతల ఉన్నది దొంగ సైటైనా ఆ గుర్తు వస్తుంది. జనం పొరబడుతున్నారనే క్రోమ్ 2023లో ఆ గుర్తును తీసేసింది.

"మనలాంటి మామూలోళ్ల ఫోన్లో ఏముంటుంది?"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌లు అమ్మే ఒకతను దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసి, వాటి మీది వేలిముద్రలను రబ్బరు మీద అచ్చు తీసి, ఆ ఆధార్ నంబర్లతో వేలల్లో సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. ఆ దస్తావేజులు ఎవరివి? ఎకరమో గుంటో కొనుక్కున్న, అమ్ముకున్న మామూలు మనుషులవే. వాళ్లెవరూ ఏ లింకూ నొక్కలేదు.

మనమే చేతులారా ఇచ్చేది ఇంకా చాలా ఉంది. నయీంనగర్‌లో, యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ సెంటర్లలో చూడండి. అడ్మిషన్ల సమయంలో విద్యార్థులు ఆధార్, పాన్, మెమోలు అన్నీ షాపు నంబర్‌కు వాట్సాప్ చేస్తారు. ప్రింట్ తీసుకుని వెళ్లిపోతారు, ఫైళ్లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. షాపు వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ ఆ కంప్యూటర్ ముందు రోజుకు ఎందరో కూర్చుంటారు. కొందరు తమ వాట్సాప్‌ను ఆ కంప్యూటర్లోనే తెరిచి లాగౌట్ చేయకుండా పోతారు. మీ వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, మీకు తెలియని కంప్యూటర్ ఉంటే తీసేయండి. షాపులో ఫైల్ డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి కదలండి. "అన్నా, అది తీసేయవా" అంటే ఎవరూ ఏమనుకోరు. జిరాక్స్ కాపీ మీద ఏ పని కోసం ఇస్తున్నారో, తేదీతో సహా అడ్డంగా రాయండి. నంబర్ మొత్తం అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మీ వేలిముద్రతో ఇంకెవరూ ఆధార్ వాడకుండా ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి. రేషన్ షాపులోనో, మీసేవలోనో వేలిముద్ర వేయాల్సి వస్తే అప్పటికప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కనిపిస్తుంది. మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

డబ్బుతో సంబంధం లేని ప్రైవసీ కూడా ఉంది. హాస్టల్లో ఉండే అమ్మాయి ఫోన్లో ఎవరో చెప్పకుండా లొకేషన్ షేరింగ్ ఆన్ చేసి పెట్టిన సందర్భాలు నేను చూశాను. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఎవరితో ఉందో ఒకసారి చూసుకోండమ్మా. దాచుకోవాల్సిన తప్పేమీ చేయకపోయినా, ఎక్కడికి వెళ్తున్నామో ఎవరికి తెలియాలో తేల్చుకునే హక్కు మనదే. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది.

"పోయిన డబ్బు రాదు, ఫిర్యాదు దండగ"

ఈ మాట నమ్మి ఊరుకుంటే రావాల్సింది కూడా రాదు. దొంగలు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చుకుంటూ పోయి, చివరికి ఎక్కడో నగదుగా తీస్తారు. తీసేలోగా ఏదో ఒక ఖాతాలో ఆపగలిగితే డబ్బు నిలుస్తుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేస్తే జరిగేది అదే. ఆ సమాచారం నేరుగా బ్యాంకులకు వెళ్తుంది. అలా ఆగిన డబ్బును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. అందరికీ మొత్తం వస్తుందని చెప్పను. గంటలో చెప్పినవాళ్లకూ, నాలుగు రోజులకు చెప్పినవాళ్లకూ తేడా మాత్రం చాలా ఉంటుంది.

బ్యాంకుకు కూడా వెంటనే చెప్పాలి. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై సర్క్యులర్ ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల లోపు చెబితే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పినా సరే, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. అందుకే ఫిర్యాదు నంబర్, సమయం రాసి పెట్టుకోవాలి.

అనుమానం వచ్చిన ఫోన్లో ముందు డేటా, వైఫై ఆపేయండి. ఇంకొకరి ఫోన్ నుంచి 1930కు చేయండి. డబ్బు కట్ అయిన మెసేజ్, అందులోని ట్రాన్సాక్షన్ నంబర్ చేతిలో పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కంగారులో ఫోన్ రీసెట్ కొట్టకండి, చాట్‌లు డిలీట్ చేయకండి, పోలీసులకు అవే ఆధారం. ఇంట్లో పెద్దాయన చేతిలో ఇది జరిగితే ఆయన్ని తిట్టకండి. తిడతారన్న భయంతోనే చాలామంది రెండు మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉండిపోతున్నారు, డబ్బు చేయి దాటిపోతున్నది ఆ రోజుల్లోనే.