ప్రమాదంలో పోతే అమరులు కారా?

ఈ మెసేజ్ నాకు వారంలో ఐదోసారి వచ్చింది. మొదట కాలేజీ స్నేహితుల గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో. చివరికి ఈరోజు పొద్దున్నే మా పెద్దన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, కింద రెండు చప్పట్లు కూడా కొట్టి. "విశాఖలో సబ్‌మెరైన్ వెటరన్స్‌కి స్మారకమా? ప్రజల డబ్బు దండగ!" అని హెడ్డింగు, దాని కింద ఆరు పాయింట్లు. నాలుగుసార్లు చూసీ చూడనట్టు వదిలేశాను. మా ఇంట్లోంచే వచ్చేసరికి ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. మా బాబాయ్ పద్నాలుగేళ్లు సబ్‌మెరైన్లలో పనిచేశాడు. ఆ సంగతి అన్నయ్యకు నాకన్నా బాగా తెలుసు.

"కురుసుర ఉంది, దగ్గర్లోనే విక్టరీ ఎట్ సీ ఉంది, ఇంకోటి ఎందుకు?" అన్నది మొదటి పాయింటు.

విక్టరీ ఎట్ సీ 1971లో పాకిస్తాన్ మీద గెలుపుకు గుర్తుగా 1996లో కట్టింది. అది నేవీ మొత్తానిది. కురుసుర విశాఖ బీచ్‌లో పెట్టిన పాత సబ్‌మెరైన్, ఇప్పుడు మ్యూజియం. 2002 నుంచి మనం టికెట్ కొనుక్కుని ఎక్కుతున్నాం, గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి దూరుతున్నాం, ఫొటోలు తీసుకుని దిగిపోతున్నాం. అది మంచిదే, పిల్లలను తప్పకుండా తీసుకెళ్లాలి. కానీ బోటును చూడటం వేరు, మనిషిని తలుచుకోవడం వేరు. నేను కిందటిసారి వెళ్లినప్పుడు టార్పెడో గదిలో ఒక పిల్లాడు గైడును అడిగాడు, "ఇందులో ఎవరైనా చనిపోయారా అంకుల్?" అని. అక్కడ గైడ్లుగా ఉండేది రిటైరైన నేవీ వాళ్లే. ఆయన "ఇందులో కాదు నాన్నా, వేరేవాటిలో" అని, ఇంకో మాట మాట్లాడకుండా తర్వాతి గదిలోకి నడిచాడు. ఆ వేరేవి ఏవో, పోయినవాళ్లు ఎవరో ఆ పిల్లాడికి ఎవరు చెప్పాలి? నేవీ తన గేటు లోపల తనవాళ్లను తలుచుకుంటుంది. మనం అడుగుతున్నది గేటు బయట, మామూలు జనం చెప్పులు విడిచి నిలబడగలిగే ఒక చోటు. అమెరికాలో పెర్ల్ హార్బర్‌లో బోఫిన్ అనే సబ్‌మెరైన్ మ్యూజియంగా ఉంది. దాని పక్కనే రెండో ప్రపంచయుద్ధంలో మునిగిన 52 సబ్‌మెరైన్లకు, వాటిలో పోయిన 3,500 మందికి పైగా మనుషులకు స్మారకం కట్టుకున్నారు. మ్యూజియం ఉంది కదా, పేర్లెందుకు అని అక్కడ అనుకోలేదు.

రెండోది, "మన సబ్‌మెరైన్లు యుద్ధమే చేయలేదు." 1971లో కరంజ్, కురుసుర రెండూ అరేబియా సముద్రంలో శత్రువు వైపు గస్తీ తిరిగాయి. కరంజ్‌ను నడిపిన వి.ఎస్.షెకావత్‌కు వీరచక్ర ఇచ్చారు, తర్వాతి రోజుల్లో ఆయనే నేవీ చీఫ్ అయ్యారు. టార్పెడో వదిలితేనే యుద్ధం అనుకునేవాళ్లకు సబ్‌మెరైన్ అంటే ఏమిటో తెలియదు. అది ఎక్కడుందో తెలియకపోవడమే అవతలివాడికి టెన్షన్. ఆ టెన్షన్ పెట్టడానికే లోపల డెబ్బై మందికి పైగా వారాల తరబడి ఎండ మొహం చూడకుండా బతుకుతారు.

మూడోది, "ఇష్టపడి వెళ్లారు, అదనంగా జీతం తీసుకున్నారు." అవును, ఇష్టపడే వెళ్లారు. అవును, అలవెన్సు ఇస్తారు. అయితే ఏంటి? సరిహద్దులో మంచుకొండల మీద ఉండేవాళ్లకూ ఇస్తారు. వాళ్ల స్తూపం ముందు నిలబడి పేస్లిప్ అడుగుతామా?

నాలుగోది చదివినప్పుడు నాకు చేతులు వణికాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "సింధురక్షక్‌లో పోయినవాళ్లు యుద్ధంలో పోలేదు. ప్రమాదంలో పోయారు, అదీ వాళ్ల తప్పువల్లే. బస్సు ప్రమాదంలో పోయినవాళ్లకు స్తూపం కడుతున్నామా?"

2013 ఆగస్టు 14, అర్ధరాత్రి దాటాక, ముంబై డాక్‌యార్డ్. సింధురక్షక్ మన నేవీ సబ్‌మెరైన్, తెల్లవారకముందే సముద్రంలోకి వెళ్లాల్సిన బోటు. ఆయుధాలు ఎక్కించి ఉన్నాయి. లోపల 18 మంది డ్యూటీలో ఉన్నారు. పేలుళ్లతో బోటు ఉన్నచోటనే మునిగిపోయింది. ఒక్కరూ బతకలేదు. శవాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉంటే ఇంటివాళ్ల రక్తం తీసుకుని డీఎన్ఏ పరీక్షలు చేశారు. ఆ 18 మందిలో మన విశాఖ వాళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చిన ఆ ఇళ్ల ఫొటోలు నాకింకా గుర్తున్నాయి. వాకిట్లో టెంటు, టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలు, టీవీ స్క్రోలింగ్ వైపు చూస్తున్న తండ్రులు. నా కొడుకు ఆ లిస్టులో ఉన్నాడో లేడో అని రోజుల తరబడి ఎదురుచూసిన తండ్రి దగ్గరికి వెళ్లి "బస్సు ప్రమాదం లాంటిదే కదండీ" అనగలరా? ఈ మెసేజ్ రాసినవాళ్లు అనగలరేమో. చప్పట్లు కొట్టినవాళ్లు కూడా అనగలరా?

"వాళ్ల తప్పువల్లే" అన్నమాట ఇంకా ఘోరం. నిబంధనలు పాటించడంలో లోపాలున్నాయని విచారణలో బయటపడి ఉండొచ్చు. లోపం ఎక్కడ జరిగింది, దానికి పైన ఎవరు జవాబుదారీ అన్నది తేల్చాల్సిందే, అందులో మొహమాటం వద్దు. కానీ చచ్చిపోయిన 18 మందీ కట్టగట్టుకుని తప్పు చేశారని తేల్చడానికి మనమెవరం? వాళ్లు వచ్చి సమాధానం చెప్పుకోలేరు కాబట్టి అంత సులభంగా అనేస్తున్నారు.

అసలు సబ్‌మెరైన్లో ప్రమాదం అన్నమాటకు అర్థం బయటి అర్థం కాదు. మా బాబాయ్ ఎలక్ట్రికల్‌లో చేసేవాడు. వాళ్లు పడుకునే చోటు కింద బ్యాటరీలు. చార్జింగ్ పెట్టినప్పుడు వాటిలోంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఆ రీడింగులు చూడటం, రాయడం. నిద్రలో కూడా ఫ్యాను చప్పుడు మారితే లేచి కూర్చునేవాణ్నని చెప్పేవాడు. సెలవు మీద వస్తే పిన్ని ఆయన సంచిని ఇంట్లోకి రానిచ్చేది కాదు, పెరట్లోనే విప్పేది. బట్టలు రెండుసార్లు ఉడకబెట్టినా డీజిల్ వాసన పోయేది కాదు. ఆయన గడప దాటగానే చేసే మొదటి పని నిలబడి వాసన చూడటం. తర్వాత వంటింట్లోకి వెళ్లి గ్యాస్ నాబ్ చేత్తో తడిమి చూసుకునేవాడు. రిటైరయ్యాక కూడా, చివరిదాకా అంతే. అన్నయ్యా, చిన్నప్పుడు మనిద్దరం దాన్ని చూసి నవ్వేవాళ్లం. నీకు గుర్తులేదా?

ఆ భయం ఉత్తది కాదు. 2010 ఫిబ్రవరిలో ఇదే సింధురక్షక్ మన విశాఖలో ఉన్నప్పుడు బ్యాటరీ గదిలో పేలుడు జరిగి ఒక నావికుడు చనిపోయాడు. 2014 ఫిబ్రవరి 26న ముంబై దగ్గర సముద్రంలో సింధురత్న అనే ఇంకో సబ్‌మెరైన్లో పొగ కమ్మింది. ఇద్దరు ఆఫీసర్లు, లెఫ్టినెంట్ కమాండర్ కపీష్ మువాల్, లెఫ్టినెంట్ మనోరంజన్ కుమార్, ఆ పొగలోనే ఉండిపోయారు. ఇద్దరికీ దేశం శౌర్యచక్ర ఇచ్చింది. యుద్ధం లేని రోజుల్లో చూపిన ధైర్యానికి ఇచ్చే పతకం అది. అదే రోజు నేవీ చీఫ్ అడ్మిరల్ డి.కె.జోషి నైతిక బాధ్యత నాదేనంటూ పదవికి రాజీనామా చేశారు. చీఫ్ స్థాయి మనిషి కుర్చీ దిగిపోయిన సంఘటనలు ఇవి. మనకేమో బస్సు ప్రమాదంతో సమానం! దేశం పతకం ఇచ్చాక కూడా వాళ్లు అమరులా కాదా అని తీర్పు చెప్పడానికి ఈ ఫార్వర్డ్ వీరులకు ఎవరు అధికారం ఇచ్చారు?

ఐదో పాయింటు పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ గురించి. "ఘాజీని మనవాళ్లే ముంచారని గొప్పలు చెబుతున్నారు, దానంతట అదే పేలిపోయిందని కూడా అంటారు. స్మారకం పేరుతో అబద్ధాలు చెక్కుతారు."

దీన్ని కూడా కొట్టిపారేద్దామనే మొదలుపెట్టాను. కానీ ఇందులో న్యాయం ఉంది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి విశాఖ ముందు ఘాజీ మునిగిందన్నది నిజం. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నేవీ చెబుతుంది, లోపలి పేలుడో, తను పెట్టిన మైనో కారణమని పాకిస్తాన్ వైపు చెబుతారు. మనమేమో కురుసుర దగ్గర నిలబడి పిల్లలకు "ఘాజీని ముంచింది ఇదే" అని చెప్పేస్తున్నాం. నా చెవులతో ఎన్నిసార్లు విన్నానో. కురుసుర అప్పుడు అరేబియా సముద్రంలో ఉంది. రాతి మీద చెక్కేముందు తేలిన మాటే చెక్కాలి, తేలనిది వదిలేయాలి. ఈ ఒక్క విషయంలో మెసేజ్ రాసినవాళ్లతో నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఇంకోమాట. ఘాజీలో తొంభై మందికి పైగా ఉన్నారు. వాళ్లూ సబ్‌మెరైనర్లే, వాళ్లు ఇప్పటికీ మన తీరం ముందే ఉన్నారు. స్మారకంలో వాళ్ల గురించి గౌరవంగా ఒక వాక్యం ఉన్నా నాకు అభ్యంతరం లేదు. బాబాయ్ ఉన్నా అదే అనేవాడు. ఘాజీ మాట వస్తే ఆయన ఏనాడూ చప్పట్లు కొట్టలేదు, "పాపం, తలుపులు తెరుచుకోవురా" అనేవాడు.

ఆరోదాంట్లో రెండు ఉన్నాయి. బీచ్‌లో కడితే తుపానుకు పోతుందట. అయితే కాస్త పైన కట్టండి, విశాఖలో కొండలకు కరువా? సబ్‌మెరైన్ల పని రహస్యం కాబట్టి పేర్లు రాయకూడదట. ఏ గస్తీ ఎక్కడ తిరిగిందన్నది రహస్యం. చనిపోయిన మనిషి పేరు రహస్యం కాదు, పేపర్లో వచ్చింది, రేషన్ కార్డులోంచి తీసేశారు కూడా.

నేను అడిగేది పెద్ద పార్కు కాదు, లైట్ షో అసలే కాదు. ఒక రాయి. దాని మీద మనిషి పేరు, బోటు పేరు, తేదీ, ఊరు. ప్రమాదమైతే ప్రమాదమనే రాయండి, దాచాల్సిందేమీ లేదు. ఇంటికి తిరిగొచ్చి, సబ్‌మెరైనర్లకిచ్చే డాల్ఫిన్ బ్యాడ్జి బీరువాలో పెట్టుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా వయసు మళ్లి పోయినవాళ్ల కోసం పక్కనే ఒక బెంచీ వేయండి. ఏడాదికోసారి డిసెంబర్ 8న, సబ్‌మెరైన్ డే నాడు, వాళ్లు వచ్చి కూర్చుంటారు.

అన్నయ్యా, మన గ్రూపులో పిన్ని కూడా ఉంది. ఆవిడ మధ్యాహ్నం పడుకుని లేచాక ఫోన్ చూస్తుంది. ఆలోపు దాన్ని తీసెయ్యి.